మొదటి గోలు కనకదే

ఆగస్టు 12, 2002, సోమవారం

కాఫీ ఆఫీసు వాళ్ళు పారేయబోతున్న డైరీ ఇది. అట్ట మీద 1999 అని ఉంది. పాతదైనా కాగితం కాగితమే. వారాలు కలవవు కాబట్టి కొట్టేసి రాసుకుంటున్నాను. ఎవరూ చదవరు. మా ఆవిడ గురుబారికి అక్షరం రాదు. వచ్చినా నా రాత చదవగలిగే మనిషి ఇంకా పుట్టలేదు. ఇది బడిలో నేర్చుకున్న రాత కాదు. కిరండోలు రైలు లైను మీద గ్యాంగులో ముప్పై ఏళ్ళు పనిచేస్తూ స్టేషను బోర్డులు చూసి కూడబలుక్కున్నది. అందుకే నా అక్షరాలు ఇప్పటికీ రైల్లోంచి కనపడేంత పెద్దవిగా వస్తాయి.

రాయాలనిపించిన సంగతి వేరు. మా ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకి ఆటల టీచరు వచ్చింది. పేరు ఫ్లోరెన్స్, భీమిలి మనిషి. తెల్ల బూట్లు వేసుకుని మా ఎర్రమట్టి గ్రౌండులోకి దిగింది. ఎన్నాళ్ళు తెల్లగా ఉంటాయో చూస్తాను.

ఈ పిల్లలకి తొమ్మిదేళ్ళుగా హాకీ నేర్పుతున్నది నేను. ఉద్యోగంలో ఉండగా సెలవు దినాల్లో, రిటైరయ్యాక రోజూ. నాకు నేర్పింది లైను పనిలో నాతోపాటు గునపం పట్టిన సుందర్‌గఢ్ కూలీలు. వెదురు దుంప కర్ర, గుడ్డ చుట్టిన రాయి. డిప్లొమాలు లేవు. మధ్యాహ్నం బడిలో భోజనం పెడతారు, పిల్లలు తాతా అంటారు. ఇంకేం కావాలి?

ఆవిడ వచ్చిన రోజే పాత మ్యాచుల కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంది.

"తాతగారూ, పోయినేడాది మనవాళ్ళు కొట్టింది పంతొమ్మిది గోల్స్. పదిహేడు కనకవే. మిగతా పదిమందీ కలిసి రెండు. రేపు ఎవరైనా కనక మీద ఇద్దర్ని కాపలా పెడితే?"

"ముగ్గుర్ని పెట్టినా కొడద్ది," అన్నాను.

"జ్వరమొస్తే?"

"మా కనకకి జొరం రాదు."

ఆవిడ నవ్వి ఏదో రాసుకుంది. కనక మా తమ్ముడి మనవరాలు, పదో తరగతి. ఆ పిల్ల చేతికి మొదటి కర్ర చెక్కింది నేనే. ఆ సంగతి కాగితాల్లో ఉండదు కదా.

ఆగస్టు 14

ఫ్లోరెన్స్‌కి విజిల్ ఊదడం సరిగ్గా రాదు.

ఆగస్టు 15, గురువారం

జెండా ఎగరేశాక పాడేరు పిల్లలతో మ్యాచ్. మనమే గెలిచాం, రెండు సున్నా. రెండూ కనకవే.

మొదటి గోలుకి ముందు ఒక సంగతి జరిగింది. బేబి ఎడమ పక్కనుంచి దూసుకొచ్చింది. డుంబ్రిగుడ అవతలి ఊరి గుంట, తొమ్మిదో తరగతి పిల్ల, కుందేలులా పరిగెడుతుంది. గోలు ముందు కీపర్ జారి పడింది. మా గురుబారి చీపురుతో తోసినా లోపలికి పోయే బంతి అది. బేబి ఆగిపోయింది. బంతిని కర్రతో అదిమిపట్టి కనక వచ్చేదాకా నిలబడింది.

"నాకెందుకే ఇస్తన్నావు? సేతులు పడిపోయేయా?" అని కనకే కసురుకుంది. కసురుకుంటూనే కొట్టింది.

ఆట అయ్యాక ఫ్లోరెన్స్ బేబి గడ్డం పట్టుకుని, "ఎందుకాగావమ్మా? భయమా?" అని అడిగింది. బేబి నేల చూసింది. పక్కనున్న రత్నాలు అనే పిల్ల ఆకాశం చూసింది. మిగతా వాళ్ళందరూ నన్ను చూశారు.

ఎందుకో నాకు తెలుసు. చెప్పలేదు. ఆవిడ అడిగింది నన్ను కాదు.

ఆగస్టు 21, బుధవారం

బుధవారం పుట్టానని నాకు బుధు అని పెట్టారు. బుధవారాలు నేను అబద్ధం ఆడనని మా అమ్మ అనేది. మిగతా ఆరు రోజుల గురించి ఏమీ అనేది కాదు.

నాలుగేళ్ళ కిందటి మాట. అప్పుడు ఈ పిల్లల ఆట ఆటలా ఉండేది కాదు. గింజలు చల్లితే కోళ్ళు ఎగబడ్డట్టు బంతి ఎక్కడుంటే అందరూ అక్కడే. గోలు దగ్గరైతే ఒకళ్ళ కర్ర ఒకళ్ళ మూతికి తగిలేది. ఒక గుంటకి పన్ను విరిగింది. కనక అప్పుడు ఆరో తరగతి, గవదబిళ్ళలు వచ్చి ఇంటికి వెళ్ళింది. మిగతా వాళ్ళని చింతచెట్టు కింద కూర్చోబెట్టాను.

"కొత్త పండగ అవకుండా కొత్త కొర్రలు ఎవులైనా నోట్లో ఎడతారేటే?"

"ఎట్టరు తాతా."

"ఏటి, ఎందుకెట్టరు?"

"దేవతకి కోపమొస్తాది. పంట పోతాది. పులి పడతాది."

"గోలూ అంతే. ఆట రోజు మొదటి గోలు కొత్త పంట. అది కనక తినాల. అది తిన్నాకే మీరు. కనకతో మాత్రం సెప్పకండి, నెత్తికెక్కుద్ది."

మాటతో వదిలేసినా బాగుండేది. అడ్డాకులో బంతి పెట్టి, పసుపు రాసి, నాలుగు గింజలు చల్లి, కొండదేవత పేరు కూడా చెప్పాను. నేను పూజారిని కాదు. మా పూజారి చూసి ఉంటే చెప్పు తీసేవాడు.

ఆ రోజు నుంచి తోపులాట ఆగిపోయింది. పన్నులు మిగిలాయి. క్రమశిక్షణ కోసమే చేశాను. ఒక్క ఏడాదికే అనుకున్నాను. కానీ బడి వదిలి వెళ్ళే పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి కర్ర ఇస్తూ ఈ మాట కూడా ఇచ్చి వెళ్తున్నారు. మన బడిలో మనలో మనం ఆడుకున్నది లెక్కలోకి రాదని, బయటి బడి వాళ్ళు ఎదురుగా ఉంటేనే కొత్త అని, ఆ సవరణ పిల్లలే చేసుకున్నారు. నాలుగేళ్ళలో ఒక్కతీ తప్పలేదు. ఒక్కతీ కనకకి చెప్పలేదు. మా కొండ పిల్లల నోరు అలాంటిది.

తీసేద్దామనే ఉంది. వానలు తగ్గాక చూద్దాం.

సెప్టెంబరు 15, ఆదివారం

కొర్ర కొత్త పండగ. ఫ్లోరెన్స్ మా ఊరు వచ్చింది. ఎవరు పిలిచారని గురుబారిని అడిగితే, "నానే పిలిసేను. నీకేటి?" అంది. కూతురొచ్చినట్టు చాప వేసింది. ఆ చాప మీద నన్ను కూర్చోనివ్వదు.

వచ్చినావిడ ఊరికే కూర్చుంటుందా. ఆడవాళ్ళతో కలిసి కొర్రలు దంచింది. థింసాలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని తప్పు అడుగులు వేస్తే అందరూ విరగబడి నవ్వారు. నేను ముప్పై ఏళ్ళుగా సరైన అడుగులు వేస్తున్నాను, ఎవరైనా చూశారా?

దంచుతూ దంచుతూ నాలుగు గింజలు నోట్లో వేసుకోబోయింది. గురుబారి చెయ్యి మీద కొట్టింది.

"ఇంకా కొత్త అవలేదమ్మా! పూజారి దేవతకెట్టాల, ఇంటి పెద్ద తినాల, అప్పుడు మనం."

"అప్పటిదాకా ఎవరూ తినరా? ఆకలేసినా?"

"ఆకలేత్తే మాత్రం?"

ఫ్లోరెన్స్ చెయ్యి ఆగిపోయింది. ఏదో ఆలోచిస్తోంది. వెంటనే సొరంగంలో ఎలుగుబంటి ఎదురైన కథ ఎత్తుకున్నాను. నలభై ఏళ్ళ నాటి ఆ ఎలుగు ఏటేటా పెరుగుతూ వస్తోంది. ఈ రోజు దానికి పిల్లల్ని కూడా పెట్టాను. ఆవిడ ఆలోచన తప్పిపోయింది.

అక్టోబరు 4, శుక్రవారం

సంతలో కూడా "టీచరమ్మ వచ్చాక పిల్లలు బాగా ఆడతన్నారట కదా" అంటున్నారు. అల్లం అమ్మే ఆమెకి హాకీ గురించి ఏం తెలుసు?

అక్టోబరు 17

ఆవిడ నలుగురు పిల్లల్ని విడిగా తీసుకుని గోలు కొట్టడం నేర్పుతోంది. బేబి, రత్నాలు, ఇంకో ఇద్దరు. 'రెండో వరుస' అంటుంది. రోజూ పొద్దున్న మంచు విడవకముందే బంతులు వరసగా పెట్టి కొట్టిస్తోంది. బూట్లు ఎర్రగా అయిపోయాయి. పట్టించుకోవడం లేదు.

బేబి కొడితే బంతి లేవదు. నేలని కోసుకుంటూ వెళ్ళి గోలు చెక్కకి తగిలి తిరిగి వస్తుంది. ఆ దెబ్బ కనకది కాదు. కనకకన్నా

అక్టోబరు 18

నిన్న రాసింది సగంలో ఆపేశాను. కనకే గొప్ప. బేబిది ఊరికే బలం.

నవంబరు 9

విశాఖలో జిల్లా పోటీలు ఈ నెల ఇరవై రెండు నుంచి. గెలిచిన బడి రాష్ట్రానికి వెళ్తుంది. మా బడి ఇంతవరకు వెళ్ళలేదు.

"ప్రాక్టీసులో ఇంత బాగా కొట్టే పిల్లలు మ్యాచ్‌లో ఎందుకు బిగుసుకుపోతున్నారు తాతగారూ?" అంది ఫ్లోరెన్స్.

"కిందున్న పల్లపోళ్ళని సూస్తే బయ్యం," అన్నాను.

ఈ రోజు శనివారం. బుధవారం కాదు.

నవంబరు 22, శుక్రవారం, విశాఖ

సెమీఫైనల్. ఆగస్టులో ఆవిడ చెప్పినట్టే అయింది. కనక మీద ఇద్దరు గట్టి పిల్లల్ని కాపలా పెట్టారు. డెబ్భై నిమిషాలు ఒక్క గోలు లేదు. బేబి రెండుసార్లు, రత్నాలు ఒకసారి ఖాళీ గోలు ముందు ఆగి కనక కోసం చూశారు. చివర్లో ఎవరి కర్రో కనక చీలమండ మీద పడింది. ఆ శబ్దం నాకు గట్టు మీదకి వినిపించింది.

సమానం కాబట్టి చెరి ఐదు పెనాల్టీ స్ట్రోకులు. మొదటిది నేనే కొడతానంది కనక. కుంటుతూ వెళ్ళి కొట్టింది. గోలు. ఆ తర్వాత రత్నాలు, గోలు. ఇంకో ఇద్దరు, గోలు, గోలు. బేబి కింది మూలకి కొట్టిన దెబ్బకి వాళ్ళ కీపర్ కదలనే లేదు. అటువాళ్ళు ఒకటి పోగొట్టుకున్నారు. మనం ఫైనల్లో ఉన్నాం.

ఫ్లోరెన్స్ పిల్లల్ని వాటేసుకుని ఏడుస్తూ, "ఇంతలేసి చేతులు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నారే?" అంటోంది. పిల్లలు నా వైపు చూశారు. నేను గట్టు మీద కాకుల్ని చూశాను. విశాఖ కాకులు మా కాకులకన్నా లావు.

నవంబరు 23, శనివారం

కనక కాలి ఎముక చిట్లింది. డాక్టరు కట్టు కట్టి, ఆరు వారాలు నేల మీద పెట్టొద్దన్నాడు. రేపే ఫైనల్.

సాయంత్రం మాకు విడిది ఇచ్చిన బడి మెట్ల మీద ఫ్లోరెన్స్ నా పక్కన వచ్చి కూర్చుంది.

"తాతగారూ, మీకు తొమ్మిదేళ్ళుగా తెలిసిన పిల్లలు. నాకు తెలియనిదేదో ఉంది. నిన్న కనక కొట్టాక అందరూ కొట్టారు. పాత కాగితాలు మళ్ళీ చూశాను. ఆ మిగతా రెండు గోల్సూ కనక కొట్టాకే పడ్డాయి. ఇందులో ఏముంది? నాకు అందడం లేదు. మీరే చెప్పాలి."

బతిమాలినట్టే అడిగింది. నాలుగు నెలల్లో మొదటిసారి. ఇలా అడగాలనే కదా నేను కాచుకుని ఉన్నది.

"పిల్లలు కదమ్మా," అన్నాను. లేచి టీ తాగడానికి వెళ్ళిపోయాను.

చెప్తే ఏమవుతుంది? రేపు గెలుస్తారు. ఆవిడ మంచులో నిలబడి నేర్పిన దెబ్బలతో గెలుస్తారు. కనక లేకుండా గెలుస్తారు. ఫోటోలో మధ్యన ఆవిడ నిలబడుతుంది. బుధు తాత ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి అని తెలిసిపోతుంది. ఓడిపోతే మాత్రం, కనక ఉంటేనా అంటారు. కనకని తయారు చేసిందెవరంటారు.

రాసి చూసుకుంటే ఇంత నీచంగా ఉంది. టీ తాగుతున్నప్పుడు ఇంత లేదు.

నవంబరు 25, సోమవారం, రైల్లో

నిన్న రాయలేదు. ఇప్పుడు బండి సొరంగాల్లో దూరినప్పుడల్లా ఆపి మళ్ళీ రాస్తున్నాను.

సగం ఆట అయ్యేసరికి అటువైపు ఒకటి, మనం సున్నా. మన బేబి ఒక్కతే గోలు ముందు, బంతి కాళ్ళ దగ్గర, అడ్డు ఎవరూ లేరు. ఆగింది. తల తిప్పి బెంచీ మీద కాలికి కట్టుతో కూర్చున్న కనక వైపు చూసింది. జనం గొల్లుమని నవ్వారు. ఈలోపు ఎవరో వచ్చి బంతి లాక్కుపోయారు.

విరామంలో ఫ్లోరెన్స్ ఒక్క మాట తిట్టలేదు. నేల మీద కూర్చుండిపోయింది. బేబి ముఖం కందిపోయి ఉంది. తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"తాతా, కనక ఆడనేదు కద. మరి మేం ఎప్పుడు తినాల?"

"ఏం తినాలి?" అంది ఫ్లోరెన్స్.

"ఏటి తినాలే?" అంది కనక.

పదకొండు మంది పిల్లలు, ఆకలేసినా ముట్టుకోని పిల్లలు, నా నోటి వైపు చూస్తున్నారు.

అంతా ఉత్తిదేనని చెప్తే సరిపోతుందా? పసుపు రాసి దేవత పేరు ఎత్తినవాడు ఉత్తిదే అంటే ఎవరు నమ్ముతారు? రత్నాలు చేతిలో కర్ర లాక్కుని, పంచె ఎగ్గట్టి, గ్రౌండులోకి నడిచాను. "ఏయ్ ముసలాయనా, ఎవరయ్యా నువ్వు!" అని అంపైర్ అరుస్తున్నాడు. వాళ్ళ గోలు ముందు ఒక బంతి పడి ఉంది. మొదటి దెబ్బకి మట్టి లేచింది, బంతి కదల్లేదు. జనం ఈలలు వేశారు. రెండో దెబ్బకి బంతి బయల్దేరింది. గీత దగ్గర కాస్త ఆలోచించుకుని లోపలికి వెళ్ళింది.

"ఇంటి పెద్దని, నాను తినేసేను. కొత్త అయిపోయింది. ఇంక మీ ఇష్టం!" అని అరిచాను.

బేబి అనుమానం బేబిది. "ఎదుటోళ్ళు లేకుండా కొడితే సెల్లుద్దా తాతా?"

"అదిగోవే వాళ్ళ కీపర్ గోలు పక్కనే నిలబడి నీళ్ళు తాగతంది. సెల్లుద్ది. బేగి ఎల్లండి!"

ఇద్దరు పోలీసులు నన్ను బయటికి నడిపించారు, మర్యాదగానే. గేటు సందులోంచి చూశాను. బేబి కొట్టింది. పది నిమిషాలకి రత్నాలు. చివర్లో మళ్ళీ బేబి. మూడు ఒకటి. అన్నం చూసిన పిల్లల్లా ఆడారు. ఆ దెబ్బలు ఫ్లోరెన్స్ నేర్పినవి. అక్టోబరులో సగంలో ఆపిన వాక్యం ఉంది కదా, దాన్ని ఎలా పూర్తి చేయాలో నాకు అప్పుడే తెలుసు.

ఫోటో తీసినప్పుడు నేను ఇంకా గేటు బయటే ఉన్నాను.

ఫ్లోరెన్స్‌కి అంతా చెప్పేశాను. చెంప పగలగొడుతుందనుకున్నాను. "నిన్న అడిగాను కదా తాతగారూ," అంది. అంతే. ఆ మాట ఇంకా దిగలేదు.

కానీ ఇదంతా రాయడానికి కూర్చున్నది దానికోసం కాదు. శృంగవరపుకోట దాటాక కనక చంకకర్రలు ఊనుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కిటికీలోంచి చూస్తూ అడిగింది.

"తాతా, మరి ఇన్నేళ్ళూ నాను కొట్టినవన్నీ ఆళ్ళు నాకొగ్గేసినవేనా?"

"అన్నీ కావులే అమ్మీ."

"ఎన్ని కావు?"

పంతొమ్మిదిలో పదిహేడు మా కనకవేనని ఊరంతా ఎగిరెగిరి చెప్పుకున్నవాణ్ణి. ఈ లెక్క నా దగ్గర లేదు.

"ఆళ్ళు సేతగాని గుంటలని తిట్టేదాన్ని," అంది. సొరంగం వచ్చింది. వెలుతురు వచ్చేసరికి అటు తిరిగిపోయింది.

డిసెంబరు 11, బుధవారం

కనక మాట్లాడటం లేదు. దాని కోసమే చేశానని గురుబారితో అన్నాను. "దాని కోసమా, నీ కోసమా?" అంది. బుధవారం కాబట్టి జవాబు చెప్పలేదు.

జనవరి 6

కట్టు విప్పారు. రాష్ట్ర పోటీలకి నెల ఉంది.

జనవరి 8

కనక గ్రౌండుకి వచ్చింది. నేరుగా ఫ్లోరెన్స్ దగ్గరికి వెళ్ళింది. పిల్లలందరికీ వినపడేలా, "నాకెవులూ ఇవ్వకండి. నానే లాక్కుంతాను," అంది. బేబి సరేనంది. అన్నమాట నిలబెట్టుకుంది కూడా. పొద్దుటినుంచి కనకకి ఒక్క బంతి దక్కలేదు. మూడుసార్లు మట్టిలో పడింది. నేను చెక్కిన కర్ర పట్టిన చెయ్యి అది. చూడలేకపోయాను. చూస్తూనే ఉన్నాను.

జనవరి 25, శనివారం

అనంతగిరి వైపు బడితో మ్యాచ్. కనక ఆడుతోంది. మొదలయ్యే ముందు నేనున్న బెంచీ దగ్గరికి వచ్చింది. రైలు దిగాక నాతో మాట్లాడిన మొదటి మాట.

"తాతా, నువ్వు అటు తిరిగి కూసో."

"ఏటే?"

"ఈయాల నాను ఒక్కటైనా కొడితే, దాన్ని నువ్వు సూడకూడదు. నాది నాకే ఉండాల."

స్టోరు గది గోడ వైపు తిరిగి కూర్చున్నాను. సున్నం పెచ్చులూడిన గోడ. చీమలు వరసగా పోతున్నాయి. వాటి మీద ఒక కథ చెప్పొచ్చు, వినేవాళ్ళు లేరు. వెనక కర్రల చప్పుడు. "బేబీ, ఇటు!" అని ఎవరిదో అరుపు. పరుగు. నా మెడ నరాలు లాగుతున్నాయి. ఆ పిల్ల చిన్నప్పటినుంచి కొట్టిన ప్రతి దెబ్బా చూసినవాణ్ణి.

గోలు చెక్కకి బంతి ఠంగుమని తగిలింది. పిల్లలందరూ ఒక్కసారి కేకలు పెట్టారు. కనకో, బేబో, రత్నాలో. ఎవరూ వచ్చి చెప్పలేదు. నేను తల తిప్పలేదు.

ఫ్లోరెన్స్ చప్పట్లు కొడుతోంది. ఆవిడ చూడొచ్చు.